ఆర్మూర్ దిక్కు కొలిమిల చేయించుకున్న రెండు కత్తులు, 10 నెలలు వాడినంక

షాపు పేరు అడగకండి, ముందే చెప్తున్న. పేరు పెట్టి రాస్తనంటే కత్తులు చేసే తమ్ముడే వద్దన్నడు, "ఉన్న ఆర్డర్లకే ఊపిరాడుతలేదన్నా, ఇంకా నువ్వు రాసి నన్ను ఆగం చేయకు" అని. అసలు దానికి బోర్డే లేదు. రేకుల కప్పు, ముందట నాలుగు పాత లారీ కమాన్ పట్టీలు (స్ప్రింగు పట్టీలు) గోడకు ఆనిచ్చి ఉంటయి, లోపల కొలిమి, అంతే. ఆర్మూర్ నుంచి మెట్‌పల్లి పోయే రోడ్డు మీద పొద్దున్న పూట పోతే సుత్తి చప్పుడు వినిపిస్తది, గదే బోర్డు అనుకోండి.

నేను అక్కడికి ఎందుకు పోయిన్నంటే ముందు ఒక దెబ్బ తిన్న. రెండేళ్ల కింద ఆన్‌లైన్‌ల "హ్యాండ్‌మేడ్ డమాస్కస్ చెఫ్ నైఫ్" అని 2,400 పెట్టి కొన్న, అలలు అలలుగ డిజైను, మస్తు ముద్దుగ ఉండె. నెల రోజులకు అంచు పోయింది. సరే అని వాటర్ పేపర్ పెట్టి జర రుద్దిన, అలలన్నీ పోయినయి, కింద మామూలు తెల్ల స్టీలు. అంటే పైపైన యాసిడ్‌తోటి వేసిన బొమ్మ అది. నిజంగ రెండు రకాల స్టీలు పొరలు పొరలుగ అతికి కొట్టిందయితే ఎంత రుద్దినా మళ్లా ఫెర్రిక్ క్లోరైడ్‌ల ముంచంగనే డిజైను పైకి వస్తది, ఎందుకంటే నికెల్ ఉన్న పొర తెల్లగ నిలుస్తది, నికెల్ లేని పొర నల్లబడ్తది. సర్క్యూట్ బోర్డులు చేసెటోళ్లు వాడే మందే అది. నేను తెచ్చి ముంచి కూడ చూసిన, ఆశ చావక. కత్తి మొత్తం ఒకటే బూడిద రంగు అయింది.

గా కోపంల ఉన్నప్పుడు మా బావమరిది చెప్పిండు, వాళ్ల ఊరి దగ్గర ఒక పోరడు బేరింగులతోటి కత్తులు చేస్తున్నడని. కిందటి సెప్టెంబర్‌ల పోయిన. పోరడంటే పోరడేం కాదు, 30 దాటినయి, డిప్లొమా చదివి పుణెల కొన్నాళ్లు కంపెనీల చేసి వచ్చిండు. బాపు కమ్మరి, తాత కమ్మరి. బాపు ఇప్పటికీ పొద్దుగాల కొడవండ్లు, గొడ్డండ్లు, గడ్డపారలకు మొన కాయుడు ఇవే చేస్తడు, కొడుకు మధ్యాహ్నం నుంచి కత్తులు చేస్తడు. ఒకటే కొలిమి, ఒకటే దాగలి, రెండు షిఫ్టులు.

నేను రెండు ఆర్డర్ ఇచ్చిన. ఒకటి కూరగాయలకు, 7 అంగుళాల అలుగు, లారీ బేరింగ్ రింగుతోటి, 1,800. ఇంకోటి మటన్‌కు, వెడల్పుది బరువుది, కమాన్ పట్టీతోటి, 900. పది రోజులల్ల ఇస్తన్నడు. ఐదు వారాలు పట్టింది. ఫోన్ చేస్తే "అయిపోయిందన్నా, పిడి ఒక్కటే" అంటడు, మళ్లా వారం చేస్తే మళ్లా పిడి ఒక్కటే. డబ్బులు మాత్రం ముందే బాపు ఫోన్‌కు కొట్టించుకున్నరు. దీనికి ఒక మార్కు ఇక్కడనే కట్.

కానీ మధ్యల ఒకసారి అడగనీకి పోయి రెండు గంటలు అక్కడనే కూసున్న, గా రెండు గంటలు లేకపోతే నేను ఈ రివ్యూ రాసెటోన్ని కాదు. నా కత్తే కొలిమిల ఉండె ఆ రోజు. తిత్తి ఎప్పుడో పోయింది, దాని జాగల బ్లోయర్ మోటరు. బొగ్గులల్ల అలుగు ఎర్రగైతుంటే తీసి దారానికి కట్టిన అయస్కాంతానికి ఆనిస్తున్నడు. అంటితే మళ్లా లోపల పెడ్తడు. అంటకుంటే 770 డిగ్రీలు దాటినట్టు, ఇనుముకు అయస్కాంత గుణం అక్కడ పోతది. అక్కడి నుంచి ఇంకొంచెం, నారింజ రంగు దిక్కు పోయేదాక ఆగి, అప్పుడు నూనెల ముంచాలె. కానీ మొదటిసారే ముంచడు. ముందు మూడుసార్లు ఎర్రగ కాల్చి ఉత్తగ గాలికి చల్లారనిచ్చిండు. ఎందుకు గింత కరెంటు బొగ్గు వేస్ట్ అంటే నవ్వి, గూట్లకెల్లి రెండు విరిగిన ముక్కలు తీసి నా చేతుల పెట్టిండు. రెండూ ఒకటే బేరింగువి. ఒకదాని విరిగిన మొఖం బొంబాయి రవ్వ లెక్క మెరుస్తున్నది, గింజ గింజ కండ్లకు కనవడ్తుంది. ఇంకోటి సిమెంటు పొడి లెక్క నున్నగ, మెరుపే లేదు. రవ్వ లెక్క ఉన్నది ఎక్కువ కాలిపోయింది, దాన్ని చేతితోటి టప్పున విరిచిన్నన్నడు. సిమెంటు లెక్క ఉన్నదాన్ని వైసుల బిగిచ్చి సుత్తితోటి నాలుగు కొడితే గానీ విరగలే. మూడుసార్లు కాల్చి చల్లార్చుడు గా రవ్వను సిమెంటు చేసుడుకేనంట. నేను ఇంజనీరింగ్ చదివిన, ధాతువుల గ్రెయిన్ సైజు గురించి ఐదు మార్కుల ఆన్సర్ రాసిన, కానీ చేతుల పట్టుకొని చూసింది గదే మొదలు.

తర్వాత నూనె. రిఫైన్డ్ నూనెనే, కొంచెం వేడి చేసి పెట్టిండు. ముంచంగనే మంట లేసి బజ్జీల బండి వాసన వచ్చింది కొట్టమంతా. నీళ్లల్ల ఎందుకు ముంచవంటే బాపే జవాబు చెప్పిండు, "కమాన్ పట్టి, బేరింగ్ నీళ్లల్ల ముంచితే టిక్ మని ఒక చప్పుడొస్తది బిడ్డా, గా చప్పుడు ఇన్నవంటే నీ కష్టం మట్టిపాలైనట్టే." నూనెలకెల్లి తీసినంక ఆకురాయి పెట్టి గీకిండు, గాజు మీద గీకినట్టు జారింది. అంటే గట్టిపడ్డది. కానీ గట్టిగ మాత్రమే ఉన్నది కింద పడితే పలుగుతది, కాబట్టి మళ్లా 200 డిగ్రీలల్ల రెండు గంటలు, చల్లార్చి మళ్లా రెండు గంటలు. అది కొలిమిల కాదు, వాళ్లింట్ల ఓటీజీ ఓవెన్‌ల! వాళ్లింటామె లోపలికెల్లి అరుస్తనే ఉన్నది, పిల్లలకు కేకు చేస్తే ఇనుము వాసనొస్తుందని. నాలుగు గంటల తర్వాత అలుగు ఎండుగడ్డి రంగుల బయటికి వచ్చింది. నీలం రంగు దాకా పోతే కమాన్ పట్టీ మాదిరి స్ప్రింగ్ అవుతది, అంచు నిలవదు అన్నడు.

నేను కత్తి గురించి నేర్చుకున్నదంతా గీ కథే. డిజైను కాదు, పేరు కాదు, కాల్చుడు చల్లార్చుడు. నాకు ముందు అమ్మినోడు గిదంతా వదిలేసి బొమ్మ ఒక్కటి వేసిండు.

ఇంకో ముచ్చట చెప్పాలె, జర పక్కకు పోతున్న గానీ. ఒక లావు మోకు వేలాడదీసి ఉండె వేపచెట్టుకు. ఏందంటే, అమెరికాల బ్లేడ్‌స్మిత్ సొసైటీ అని ఒకటుంది, 1976ల పెట్టిన్రు, వాళ్ల మొదటి పరీక్ష పాసవ్వాలంటే నువ్వు చేసిన కత్తితోటి ఊరికే వేలాడే అంగుళం లావు మోకును ఒక్క వేటుకు తెంపాలె, తర్వాత అదే కత్తితోటి టూ బై ఫోర్ (ఇంచుమించు రెండు నాలుగు అంగుళాల) చెక్కను రెండుసార్లు నరకాలె, అయినంక అదే అంచుతోటి చేతి మీది వెంట్రుకలు గీకాలె, ఆఖరికి వైసుల బిగిచ్చి 90 డిగ్రీలు వంచాలె. ఈ తమ్ముడు ఎవ్వలకు సర్టిఫికెట్ చూపించనీకి కాదు, ఊరికే తనకు తాను పెట్టుకున్న పరీక్ష. మోకు తెగింది, చెక్క తెగింది, వెంట్రుకలు పోయినయి, వంచేకాడ మూడు కత్తులు పటుక్ మన్నయి. వారం వీడియోలు చూస్తె దొరికిన జవాబేందంటే మొత్తం అలుగు ముంచొద్దు, అంచు మాత్రమే ముంచాలె, వీపు మెత్తగ ఉంచాలె. అది బాపుకు చెప్తే ఆయన బీడి తీసి "మరి మేం కొడవలి ఎట్ల ముంచుతున్నం రా ఇన్నేండ్లు, మొత్తం ముంచుతున్నమా?" అన్నడంట. ఇంట్లనే ఉన్న మాట అమెరికా తిరిగొచ్చింది. ఈ సంగతి చెప్పుకుంట తమ్ముడు తన మీద తనే నవ్వుకుంటడు.

అసలు ఆ ప్రాంతానికి ఇది కొత్త కాదు. కోనసముద్రం అనే ఊరు గా చుట్టుపక్కలనే ఉన్నది, రెండు రకాల ఇనుము కలిపి మూసలల్ల పెట్టి కరిగిచ్చి ఉక్కు ముద్దలు తీసెటోళ్లు ఒకప్పుడు. 1820లల్ల వాయ్సీ అని సర్వేల పనిచేసే డాక్టరు అక్కడికి పోయి చూసి రాసిండు, పర్షియా వ్యాపారి అక్కడ మకాం పెట్టి ఉక్కు కొనుక్కపోతున్నడని. ఇంగ్లీషోళ్లు వూట్జ్ అని రాసింది మన ఉక్కునే. డమాస్కస్ అని లోకమంతా పేరుపడ్డ అసలు కత్తుల అలలు అసుమంటి ముద్దలకెల్లి వచ్చినయే, పొరలు అతికిచ్చింది కాదు, ఉక్కుల లోపలనే పుట్టిన గీతలు. గా విద్య మధ్యల పోయింది. 1990లల్ల అమెరికాల గుర్రాల నాడాలు కొట్టే ఆల్ పెండ్రే, వెర్హోవెన్ అనే ప్రొఫెసర్ కలిసి మళ్లా అసుమంటిది చేసి చూపించిన్రు, ఖనిజంల ఉండే వనేడియం అనే లోహం లాంటివి చిటికెడు కూడ లేకపోతే గీతలు రావని తేల్చిన్రు. మన కొలిమికి పది మైళ్ల దూరంల తీసిన అసుమంటి ఉక్కుకు పడ్డ పేరును పెట్టి నాకు యాసిడ్ బొమ్మ అమ్మిన్రు చూడండి, గదీ నా మంట. తమ్ముడు మాత్రం డమాస్కస్ చేయడు. "అడిగేటోళ్లు అందరు గదే అడుగుతరు, కానీ అతుకు మధ్యల ఒక్క జాగల పొక్కు ఉన్నా మొత్తం పోతది, నాకింకా చేయి తిరగలే" అన్నడు. గిట్ల చెప్పే వ్యాపారిని ఎక్కడ చూసిన్రు మీరు?

సరే ఇగ వాడకం. కూరగాయల కత్తి మొదటి రోజు ఉల్లిగడ్డ మీద పెట్టంగనే దాని బరువుకు అదే దిగింది. పండిన టమాట తొక్క మీద ఒత్తకుండనే తెగింది. సోరకాయ, బీరకాయ, కాకరకాయ అన్నిట్ల మంచిగున్నది, కందగడ్డ, గుమ్మడికాయ మీద మాత్రం మధ్యల ఇరుక్కుంటుంది. వీపు దగ్గర 3 మిల్లీమీటర్లు ఉన్నది, అంచు దిక్కు సన్నగ దిగాల్సింది కొంచెం తొందరగ ఆపిండు, అందుకే గట్టి గడ్డలల్ల చీల కొట్టినట్టు చీలుస్తది గానీ కోయదు. ఇంకో అర మిల్లీమీటరు రాకితే అదిరిపోతుండె. వీపు అంచులు కూడ గుండ్రంగ తియ్యలే, పది ఉల్లిగడ్డలు కోసేసరికి చూపుడు వేలు కింద ఎర్రగీత పడ్డది, నేనే ఇంట్ల వాటర్ పేపర్‌తోటి నున్నగ చేసుకున్న. ఫ్యాక్టరీ కత్తి 600కు కొన్నా గిది చేసి ఇస్తరు కదా అనిపించింది.

ఇగ అమ్మ. అమ్మకు కత్తిపీటనే ప్రాణం, నిలవడి కోసుడు ఆమెకు రాదు. మొదటి వారం ఈ కత్తిని వాడి, కడగకుండ సింకుల రాత్రంతా పెట్టింది. పొద్దున చూస్తె నారింజ రంగు తుప్పు మచ్చలు. నేను మొత్తుకుంటే "స్టీలు కత్తికి తుప్పేందిరా, నిన్ను మోసం చేసిన్రు మళ్లా" అన్నది. తప్పు ఆమెది కాదు. ఇది స్టెయిన్‌లెస్ కాదు, కార్బన్ స్టీలు, వాడంగనే కడిగి తుడిచి పెట్టాలె అని షాపుల ఒక్క ముక్క కూడ చెప్పలే. ఒక చీటీ రాసి పెడ్తే పోయేదేముంది. కత్తిని న్యూస్ పేపర్‌ల చుట్టి రబ్బర్ బ్యాండ్ వేసి ఇచ్చిండు, తొడుగు లేదు ఏం లేదు, బస్సుల బ్యాగు కోసుకొని బయటికొచ్చింది మొన. ఇంకో మార్కు కట్.

తుప్పును చింతపండుతోటి రుద్దితే పోయింది. పోయి కత్తి నల్లగైంది. ఆ నలుపు చూసి భయపడొద్దు, నలుపు వేరు తుప్పు వేరు. ఉల్లిగడ్డ, నిమ్మకాయ, చింతపండు తగిలిన కొద్దీ నీలం, ఊదా, బూడిద రంగు మచ్చలొస్తయి, గవి పట్టినంక తుప్పు తక్కువ పడ్తది. మొదటి పది రోజులు మాత్రం కోసిన ఉల్లిగడ్డ కొంచెం నల్లబడ్డది, ఇనుము వాసన కూడ వచ్చింది, తర్వాత పోయింది.

మే నెలల అసలు పరీక్ష వచ్చింది, మామిడికాయ తొక్కు. ప్రతి ఏడు మార్కెట్లనే ముక్కలు కొట్టిచ్చుకొస్తం, ఈసారి నాకు కత్తి ఉన్నదని ఉబలాటం, 10 కిలోల కాయ ఇంటికి తెచ్చిన. టెంకతోటి కొట్టాలె కదా. బుద్ధి ఉన్నోడెవడైనా మటన్ కత్తి తీస్తడు. నేను కూరగాయల కత్తి తీసిన, అది ఎక్కువ పదునున్నది కదా అని. నాలుగో కాయకు సన్నగ టిక్ మన్నది, బాపు చెప్పిన చప్పుడు గుర్తొచ్చి గుండె జారింది. వెలుగుల పెట్టి చూస్తె అంచుల బియ్యపు గింజంత ముక్క లేదు. అక్కడ ఆపి మటన్ కత్తి తీసిన. దాంతోటి మిగిలిన కాయంతా కొట్టిన, చివరికి అంచు ఒకటి రెండు జాగలల్ల కొంచెం వంగింది, అంతే, విరగలే. షాబాద్ బండ మీద నాలుగుసార్లు రాకేసరికి మళ్లా మామూలైంది. అంచు మీద బండరాయి పెట్టినందుకు తమ్ముడు తర్వాత తిట్టిండనుకోండి.

ఫోన్ చేసి చెప్తే నవ్విండు. "అన్నా, బేరింగ్ల కార్బన్ 1 శాతం ఉంటది, కమాన్ పట్టీల గండ్ల సగం. అది గట్టిది, ఇది మొండిది. గట్టిదాన్ని టెంక మీద వేస్తవా?" గిది ముందే చెప్పి ఇచ్చే చీటీల రాయొచ్చు కదా తమ్మీ అన్న. ఊ అన్నడు గానీ ఇంకా రాసినట్టు లేడు. కత్తి పంపితే అంచు మొత్తం ఒక మిల్లీమీటరు కిందికి దించి మళ్లా సాన పట్టి పంపిండు, పైసలు అడగలే, కొరియర్ మాత్రం నాదే. వచ్చినంక ముందుకంటె సన్నగైంది అంచు దిక్కు, కందగడ్డ కూడ ఇప్పుడు తెగుతున్నది. నా మూర్ఖత్వంతోటి కత్తి బాగైంది.

మటన్ కత్తి గురించి రాయనీకి ఎక్కువ లేదు, అది అసలు హీరో. 900లకు దానికంటె మంచిది నేను చూడలే. బొక్కల మీద వేసినా, టెంక మీద వేసినా, కొబ్బరికాయ వీపుతోటి కొట్టినా ఏం కాలే. చూడనీకి మాత్రం దున్నపోతు లెక్క ఉంటది, సుత్తి దెబ్బలు పక్కలకు గట్లనే ఉన్నయి, కావాలని ఉంచిండంట ఫ్యాషన్‌కు. నాకైతే కడిగేటప్పుడు ఆ గుంటలల్ల కొవ్వు ఇరుక్కొని విసుగొస్తది.

ఇప్పటి గొడవ పిడి. తుమ్మ చెక్క, ఇత్తడి పిన్నులు, మధ్యల ఎపాక్సీ. ఎండకాలం మంచిగనే ఉండె. ఈ జూలై వానలకు చెక్క ఉబ్బి కూరగాయల కత్తికి ఒక పక్క చెక్కకూ ఇనుముకూ మధ్య గోరు పట్టేంత సందు వచ్చింది. అండ్ల నీళ్లు పోతే లోపల తుప్పు పడ్తది కదా, ఇప్పుడైతే మైనం కరిగిచ్చి పోసి ఆపిన. చెక్క సరిగ్గ ఎండకముందే పెట్టిండని నా అనుమానం, తను ఒప్పుకుంటలేడు, నూనె పెట్టాలె నెలకోసారి అంటడు. అది కూడ ముందు చెప్పలే! ఇనుము పనికి పదికి తొమ్మిది ఇస్త, కర్ర పనికి ఐదే.

ఒకటి పోరగాండ్లకు చెప్తున్న. అక్కడికి పోయి తల్వార్లు, రీల్స్ కోసం పెద్ద పెద్ద కత్తులు అడగకండి, చేయడు. 9 అంగుళాలకంటె పొడుగో, లేకుంటే 2 అంగుళాలకంటె వెడల్పో అలుగున్న కత్తి ఇంటికో పొలానికో పనికో వాడేది కాకుంటే ఆయుధాల చట్టం కిందికి వస్తది. నా ముందటనే ఇద్దరు వచ్చి ఫోన్‌ల సినిమా కత్తి బొమ్మ చూపిస్తే బాపు సమ్మెట దించకుండనే "పోన్రి పోన్రి" అన్నడు.

కొనాల్నా వద్దా అంటే, మీ ఇంట్ల కత్తిని కడిగి తుడిచే మనిషి ఒక్కలన్నా ఉంటే కొనండి. సింకుల పడేసే అలవాటుంటే మటన్ కత్తి ఒక్కటే తీసుకోండి, తుప్పు పట్టినా రాకుకోవచ్చు. కూరగాయల కత్తి తీసుకునేటోళ్లు వీపు గుండ్రంగ తియ్యమని, అంచు ఇంకా సన్నగ తియ్యమని ముందే చెప్పండి, చెప్తే చేస్తడు. పిడికి ఏ చెక్క, ఎన్ని రోజులు ఎండింది అని కూడ అడగండి, మొఖం చిట్లిస్తడు గానీ అడగండి.

అమ్మ ఈ నెల ఒక మాటన్నది. కత్తిపీట అలుగు అరిగిపోయింది, ఆ పిల్లగాన్ని అడిగి చేయించు, గా బరువు కత్తి చేసిన ఇనుముతోటే చేయమను, పీట మన పాతదే బిగిచ్చుకుందం అని. అడిగిన. దసరాకు వారం ముందు ఇస్తనన్నడు. నేనైతే దీపావళికని లెక్కేసుకున్న.